ఫ్రైబర్గ్‌లో ఒడి బియ్యం

ఆ పెట్టెలో బియ్యం ఉన్నాయని విజేందర్‌కు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే రాళ్ళు పరిచిన బాట మీద దాన్ని అంత ధీమాగా ఒంటి చేత్తో లాగేవాడు కాదు.

జర్మనీలో ఫ్రైబర్గ్ అనే ఊరికి ఒక సోకుంది. పాతబస్తీ వీధుల వెంట జానెడు వెడల్పున సన్నటి నీటిపాయలు పారుతుంటాయి. కొండల మీద నుంచి దిగిన నీళ్ళు, అడుగున రాయి కనిపించేంత తేటగా ఉంటాయి. పిల్లలు వాటిలో చెక్కపడవలు వదులుతారు. పెద్దలు చూసుకుని దాటుతారు. చూసుకోనివాళ్ళ సంగతి తర్వాత చెప్పుకుందాం.

సన్నగా తుంపర పడుతోంది. పెట్టె చక్రం రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంది. విజేందర్ ఒక్క గుంజు గుంజాడు. పెట్టె ఎగిరి పక్కకు ఒరిగింది. ఆ పక్కనే ఫోన్‌లో వీధంతా వీడియో తీసుకుంటూ నడుస్తున్న అమ్మాయి "అమ్మో!" అని ఒక్క గెంతు గెంతి, సరిగ్గా నీటిపాయలో దిగింది. కొత్త తెల్లబూటు పూర్తిగా మునిగిపోయింది.

"కండ్లు నెత్తికెక్కినయా?"

"సారీ సారీ! పెట్టె మస్తు బరువున్నది..."

"పెట్టె బరువుంటే నన్ను మురికి మోరీల తోస్తవా? ఊరిని గింత సోకు చేసుకున్నరు, రోడ్డు పొంటి గీ మోరీ ఏంది?"

"మోరీ కాదు. గివి మంచినీళ్ళు."

"మంచినీళ్ళయితే నువ్వు దిగు!"

విజేందర్‌కు నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. ఆ నీళ్ళ గురించి ఆ ఊళ్ళో ఒక నమ్మకముంది, సమయానికి అది గుర్తొచ్చింది.

"ఎందుకు నవ్వుతున్నవ్?"

"ఏం లేదు."

"ఏం లేకుంటే ఎవలన్న నవ్వుతరా?"

"మల్ల మొదలువెట్టినవా ప్రణీతా?" వెనక నుంచి తల్లి పుష్పమ్మ ఆయాసపడుతూ వచ్చింది. ఆలేరు నుంచి బయల్దేరినప్పుడు కట్టుకున్న చీర, మీద స్వెటర్, కాళ్ళకు కూతురు బలవంతాన తొడిగించిన బూట్లు. "స్టేషన్ల పెట్టెలు దించుకునే ఆగమాగంల అడుగుడే మరిచిన. నువ్వెవలు బిడ్డా? మా పెద్దబిడ్డ శైలజ మనిషిని తోలుత అన్నది గని పేరు చెప్పలే."

"విజేందర్ అంటరమ్మా. మాది ఆలంపూర్. శైలజక్కకు ఆఫీసుల మీటింగ్ ఉన్నదట, నన్ను పంపింది. అక్కకు నేను తమ్ముని లెక్క."

ఆ ఆఖరి మాటతో తన గొయ్యి తానే తవ్వుకుంటున్నానని అతనికి తెలియదు.

పుష్పమ్మ ముఖం విప్పారింది. "తమ్మునివా! ఇద్దరు ఆడపిల్లలేనా అని ఎంతమందితోని మాటలు పడ్డనో. సూడు, నా కొడుకును దేవుడు జర్మనీల దాచిపెట్టిండు! ప్రణీతా, అన్నకు దండం పెట్టు."

ప్రణీత దండం పెట్టలేదు. తడిసిన బూటు విప్పి, అతని కాళ్ళ ముందే నీళ్ళు ఒంపింది.

*

రెండేళ్ళ కిందట విజేందర్ సోలార్ ప్యానెళ్ళ కంపెనీలో ఉద్యోగానికి ఆ ఊరొచ్చాడు. వచ్చిన వారానికే చలిజ్వరం తగిలి మంచం పట్టాడు. కిరాణా దుకాణంలో పరిచయమైన నవీన్ సంగతి తెలిసి భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె గిన్నెడు మిరియాల చారు పోసి ఇస్తే, రెండు గుక్కలు తాగి కళ్ళు తెరిచి "అక్కా, ఇంకింత పొయ్యవా?" అన్నాడు. ఆ రోజు నుంచి శైలజ అక్కయింది. నవీన్ బావయ్యాడు. ప్రతి ఆదివారం వాళ్ళింట్లోనే భోజనం.

మనవాళ్ళకు పరాయి మనిషిని ఉత్త పేరుతో పిలవడం రాదు. ఏదో ఒక వరుస కలిపేస్తేగాని నోరు ఊరుకోదు. కలిపిన వరుస ఒక్క మనిషితో ఆగదు. అక్క అంటే ఆమె తల్లి అమ్మ, ఆమె చెల్లెలు చెల్లెలే. అదే వదిన అని ఉంటే ఆమె చెల్లెలు మరదలి వరుస అయ్యేది. జ్వరంలో ఉన్నవాడికి అంత ముందుచూపు ఎక్కడిది?

ఇంటికి చేరాక పుష్పమ్మ పెట్టె తెరిచింది. స్వెటర్ల కింద సంచుల నిండా బియ్యం. విజేందర్ నోరు తెరిచాడు.

"ఈడ బియ్యం దొరుకతయి కదమ్మా!"

"దొరికే బియ్యం గాదు కొడుకా, తల్లిగారి బియ్యం కావాలె. అక్క పెండ్లయి అయిదో ఏడు నడుస్తాంది. ఈ ఏడు దాటకుంట బిడ్డ కొంగుల ఒడి బియ్యం పొయ్యాలె. కొత్త కొలువు, సెలవు దొరకదన్నది. బిడ్డ రాకుంటే బియ్యమే పోతయి, ఏముంది!"

"బియ్యం వెంబడి నేను," అంది ప్రణీత. "కాలేజీకి ఎండాకాలం సెలవులున్నయని మూట మొయ్యనీకె తెచ్చింది నన్ను." భువనగిరిలో ఆమె ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతుంది. అందుకే మాటలో ఆ యాసిడ్ అనుకున్నాడు విజేందర్.

*

మొదటి శనివారం నవీన్ అందరినీ కారులో ఎక్కించుకుని సరిహద్దు దాటించి ఫ్రాన్సులోకి తీసుకెళ్ళాడు. ఎగిసైమ్ అనే పల్లె. నడుమ చౌరస్తా, దాని చుట్టూ సకినం చుట్టినట్టు వీధి వెనక వీధి. గులాబీ, పసుపు, నీలం రంగుల ఇళ్ళు, గోడల్లో అడ్డదిడ్డంగా చెక్కదూలాలు, కిటికీ కిటికీకీ ఎర్రపూల కుండీలు. ఊరి చుట్టూ ద్రాక్షతోటలు. ఇంటి కప్పుల మీద కొంగల గూళ్ళు.

"ఇంత దూరమొచ్చి కొంగలనా సూసేది? మన చెరువుల లేవా?" అంది పుష్పమ్మ. అంటూనే మొగుడికి పంపడానికి ఆ కొంగలనే పది ఫోటోలు తీసింది.

అంతలో వాన అందుకుంది. నవీన్, శైలజ, పుష్పమ్మ కాఫీ దుకాణంలో దూరారు. ప్రణీత మాత్రం ఊరు చూడాల్సిందేనని పట్టుబట్టింది. ఉన్నది ఒక్క గొడుగు.

"అన్నతోని పో బిడ్డా, నాకేం ఫికర్ లేదు," అంది పుష్పమ్మ.

ఆ మాట విజేందర్‌కు ముల్లులా దిగింది. వారం రోజులుగా దిగుతూనే ఉంది.

గొడుగు చిన్నది. ఆమె ఎడమ భుజం, అతని కుడి భుజం తడుస్తున్నాయి. ఆమె జుట్టు మీద తుంపర్లు ఆగి మెరుస్తున్నాయి. వాటి వంక చూడకుండా ఉండాలని అతను ఇళ్ళ వంక చూశాడు. ఒక్క ఇల్లూ కనబడలేదు.

"ఆలంపూర్ అంటే కర్నూలేనా?" అంది ప్రణీత ఉన్నట్టుండి.

"నది దాటితె కర్నూలు. మేం ఇవతలి ఒడ్డు. జోగులాంబ గుడి ఉన్న ఊరు మాది."

"మాటల జర ఆ సీమ గాలి కొడ్తాంది, అందుకడిగిన. సరే, ఇది చెప్పు. నా కాలు నీళ్ళల్ల పడ్డనాడు ఎందుకు నవ్వినవ్?"

"చెప్తే కోపం చేయవు కదా?"

"చేసేదుంటే చేస్త. చెప్పు."

"ఆ నీళ్ళల్ల చూసుకోకుంట కాలు పెట్టినోళ్ళు ఫ్రైబర్గ్ మనిషినే పెండ్లి చేసుకుంటరట. ఆ ఊరోళ్ళ నమ్మకం."

ప్రణీత తన కాళ్ళ వంక చూసుకుంది.

"ఇంతకు నువ్వు ఫ్రైబర్గ్ మనిషివా, ఆలంపూర్ మనిషివా?"

"నెల నెల కిరాయి ఆడనే కడ్తున్న. ఫ్రైబర్గ్ మనిషి లెక్కనే."

ఆమె పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. ఎదురుగా ఒక నీలం తలుపు కనబడింది. "ఇందాక గీ తలుపు కాడి నుంచే కద బయల్దేరినం?"

"గీ ఊర్ల ఎటు నడిచినా మల్ల ఆడికే వస్తం."

"అయితే ఇంకో చుట్టు పోదాం."

రెండో చుట్టులో ఆమె నడక నెమ్మదించింది. "ఒకటి గమనించినవా? వచ్చిన కాడి నుంచి నిన్ను నేను ఒక్కపారి గూడ అన్న అనలే."

"గమనించిన," అన్నాడు విజేందర్. "ఎప్పుడంటవో, ఎప్పుడంటవో అని రోజూ భయపడుకుంటనే ఉన్న."

ప్రణీత గొడుగు పట్టుకున్న అతని చేతి మీద చెయ్యి వేసింది. గొడుగు వంగిపోయిందని సరిచేయడానికే వేసినట్టు వేసింది. గొడుగు సరిగ్గానే ఉంది. నీలం తలుపు మళ్ళీ వచ్చింది. ఈసారి ఎవరూ దాని సంగతి ఎత్తలేదు.

*

ఆ సంతోషం సరిగ్గా వారం నిలిచింది. మరుసటి శనివారం స్ట్రాస్‌బోర్గ్ వెళ్ళారు. ఆకాశాన్ని తాకే పెద్ద చర్చి, నీళ్ళలోకి వంగి చూసుకుంటున్న పాత ఇళ్ళు, పూలు కట్టిన వంతెనలు. అద్దాల పడవ ఎక్కారు. నది ఎత్తు మారే చోట పడవ రెండు తలుపుల మధ్య ఆగింది. కింద నీళ్ళు మెల్లగా పెరుగుతుంటే పడవా మెల్లగా పైకి లేస్తోంది. కదలడానికి వీల్లేని ఆ చోటనే పుష్పమ్మ నోరు విప్పింది.

"వచ్చే ఆదివారం మంచిరోజట. మీ బాపు అయ్యగారిని అడిగి చెప్పిండు. మా ఇంట్ల మొదటి దోసిలి తోడబుట్టిన మొగోడే పొయ్యాలె. శైలజకు ఆ జాగా ఖాళీగనే ఉండె. విజేందరూ, ఈసారి నువ్వు పోస్తవు కొడుకా."

శైలజ కళ్ళు తుడుచుకుంది. "అవునమ్మా. నాకు వీడే తమ్ముడు."

అందరూ విజేందర్ వంకే చూస్తున్నారు. "పోస్తనమ్మా," అన్నాడు.

ప్రణీత చర్చి శిఖరం వైపు తిరిగింది. మళ్ళీ ఇటు తిరగలేదు.

పడవ దిగాక, మిగతావాళ్ళు ముందు నడుస్తుంటే ఆమె వెనక ఆగింది. "పోస్త అన్నవ్."

"అక్క కండ్లల్ల నీళ్ళు సూసినవ్ కదా. ఏమనాలె నేను?"

"ఒడిల బియ్యం పడ్డంక మాట వెనుకకు రాదు. గప్పుడు నువ్వు నిజంగనే నాకు అన్నవు, జన్మంత. గంతే."

"నాకు తెల్వదా?"

"తెలిస్తే ఆదివారం లోపల నోరు విప్పు. నేను చెప్పొచ్చు గని, నాకు నోరు లేనోడు వద్దు."

చెప్పేసి వెళ్ళిపోయింది. విజేందర్ ఆ వంతెన మీదే నిలబడ్డాడు. అతని భయం ప్రణీత ఒక్కతి గురించే కాదు. తమ్ముడని ఇంట్లోకి రానిస్తే ఇదా నువ్వు చేసే పని అని శైలజ ఒక్క మాట అంటే చాలు. ఆ మిరియాల చారు, ఆ ఆదివారాలు, పరాయి దేశంలో తనకున్న ఒకే ఒక్క ఇల్లు పోతుంది. చెప్పకపోతే ప్రణీత పోతుంది. రెండూ కావాలి అతనికి. ఏడుపొచ్చినంత పనైంది.

శుక్రవారం సాయంత్రం ధైర్యం కూడగట్టుకుని నవీన్‌ను బాల్కనీలోకి పిలిచాడు. "అన్నా..."

నవీన్ వెనక్కి తిరిగి చూశాడు. "ఎవరిని పిలుస్తున్నవ్?"

"నిన్నే."

"రెండేండ్ల సంది బావా అన్నోనివి గిప్పుడు అన్న అంటున్నవ్. మల్ల జ్వరమొచ్చిందా?" అంటూ నుదుటి మీద చెయ్యి వేయబోయి ఆగిపోయాడు. వంటింట్లో ప్రణీత గిన్నెలు విసిరినట్టు పెడుతోంది. నవీన్ అటు చూశాడు, ఇటు చూశాడు. ఆ తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు. "ఓరి నీ! నన్ను అన్నను చేసుడు అల్కగనే ఉన్నది. శైలజను వదినను ఎట్ల చేస్తవ్ర?"

"నువ్వు చెప్పరాదా?"

"నేనా? అత్తగారింట్ల నాకు ఇంక మస్తు ఏండ్ల భోజనాలున్నయి. నీ మాట నువ్వే చెప్పుకో."

*

ఆదివారం పొద్దున ఇల్లంతా పసుపు వాసన. పీట దొరక్క శైలజను యోగా చాప మీద కూర్చోబెట్టారు. కొత్త చీర కట్టుకుని, కొంగు ఒడిలో పరుచుకుంది. పసుపు కలిపిన బియ్యంలో ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు. కుంకుమ బరిణెకు ఆనించిన ఫోన్‌లో ఆలేరు నుంచి రఘుపతి చూస్తున్నాడు. శైలజ, ప్రణీతల బాపు. రైల్వేలో టికెట్ కలెక్టర్. సెలవు దొరక్క ఆగిపోయాడు.

"కానియ్యుండ్రి, నాకు డ్యూటీ ఉన్నది," అన్నాడు ఫోన్‌లోంచి.

"రా కొడుకా," అని పిలిచింది పుష్పమ్మ.

విజేందర్ ముందుకొచ్చి రెండు చేతులా దోసిలి నిండా బియ్యం ఎత్తాడు. శైలజ కొంగు పట్టుకుని అతని వంక చూసి నవ్వింది. గోడకు ఆనుకుని ప్రణీత నిలబడి ఉంది. ఏడవలేదు. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. అతని వంక చూడటం మానేసి కిటికీ వంక చూస్తోంది.

అతని దోసిలి శైలజ ఒడి మీదికి వచ్చి ఆగింది. వేళ్ళ సందుల్లోంచి నాలుగు గింజలు నేల మీద రాలాయి.

"పొయ్యరా," అంది శైలజ.

"వదినా..." అన్నాడు విజేందర్.

శైలజ పట్టుకున్న కొంగు జారింది. ఫోన్‌లో రఘుపతి "ఏమన్నడు? సిగ్నల్ పోయిందా?" అన్నాడు.

"ఏమన్నవ్?" అంది శైలజ.

"వదినా అన్న." అతను దోసిలి విడవలేదు. "నువ్వు నాకు అక్కవే. అన్నం పెట్టినవ్, జ్వరమొస్తే కూసున్నవ్. గని ప్రణీతను చెల్లె అనుడు నాతోని అయితలేదు. అన్న అని ఆమెతోని పిలిపించుకునుడు గూడ అయితలేదు. గీ బియ్యం పోస్తే అబద్ధం పోసినట్టయితది. నన్ను ఇంట్లకు రావద్దన్నా సరే, నేను పొయ్యలేను." ఆగి, పుష్పమ్మ వైపు తిరిగాడు. "తప్పయితే మన్నించు, అత్తమ్మా."

శైలజ ముఖం చిన్నబోయింది. "అయితే నాకు తమ్ముడు లేడు ఇగ?"

"మరిది ఉంటడు. ఆదివారం అన్నం పెట్టనిస్తే."

"మరిదికైతే గిన్నెలు తోముడు గూడ ఉంటది," అంది శైలజ. అనేటప్పుడు ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు.

అందరూ పుష్పమ్మ వైపు చూశారు. ఆమె ప్రణీతను కింది నుంచి మీది దాకా చూసింది. "వచ్చిననాడు అన్నకు దండం పెట్టమంటే బూటు ఒంపినవ్. గప్పుడే అనుమానమొచ్చింది నాకు. ఆ గుండ్రాల ఊర్ల అందరు ఒక్క చుట్టు తిరిగి కాఫీకి వస్తుంటే, మీరిద్దరు వాన వెలిసినా రాకపోతిరి."

"అమ్మా..."

"నువ్వాగు. ఈయన నోరు విప్పుతడా, లేకుంటే మొహమాటానికి నీ గొంతు కోస్తడా అని సూసిన." ఆమె విజేందర్ దగ్గరికొచ్చింది. పసుపంటిన అతని చేతుల్ని తన చేతులతో పట్టుకుని, దోసిలిలోని బియ్యాన్ని జాగ్రత్తగా తిరిగి పళ్ళెంలోకి ఒంపించింది. "ఇట్ల పళ్ళెంల పొయ్యి బిడ్డా. మరిది వరుసోడు ఒడి బియ్యం పోస్తడా ఎక్కడన్న?"

విజేందర్‌కు ఆ మాట అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అప్పటికే నవీన్ ఈల వేశాడు.

"ప్రణీతా, నువ్వు రా," అంది పుష్పమ్మ. "తోడబుట్టిన మొగోడే ఉండాల్నని ఎవలన్నరు? అక్కకు తోడబుట్టినదానివి నువ్వున్నవ్. మొదటి దోసిలి నీదే."

ప్రణీత కళ్ళు తుడుచుకుంటూ వచ్చి దోసిలి నింపింది. అక్క ఒడిలో పోసేటప్పుడు సగం గింజలు బయటే పడ్డాయి. ఆమె చూస్తున్నది వేరే చోట.

"నాకు ఎవలన్న చెప్తరా ఏమైతాందో?" అని అరిచాడు రఘుపతి ఫోన్‌లోంచి.

"నీకు రెండో అల్లునికి బట్టలు తియ్యాల్సి వచ్చేటట్టున్నది," అంది పుష్పమ్మ. "మిగతాది వచ్చినంక. ఆయన తల్లిదండ్రులు, మనం కూసొని మాట్లాడుకునేదాక ఈ ఇద్దరికి కలిపి ఒక్క గొడుగు ఇయ్యొద్దు."

*

దసరా ముందు విజేందర్ సెలవు పెట్టి వచ్చాడు. ఆలంపూర్ నుంచి తల్లిదండ్రుల్ని వెంటబెట్టుకుని ఆలేరు స్టేషన్‌లో దిగాడు. వాన అప్పుడే వెలిసింది. స్టేషన్ బయట ప్రణీత తన బాపు పక్కన నిలబడి ఉంది. గులాబీ రంగు చీర, చేతిలో మూసిన గొడుగు. నాలుగు నెలల తర్వాత చూడటం. విజేందర్‌కు ఆటోలు కనబడలేదు, జనం కనబడలేదు.

ఆమె వంక చూస్తూనే నడిచాడు. రోడ్డు పొంటి మోరీ కూడా కనబడలేదు.

కొత్త బూటుతో సహా కాలు మోకాలి దాకా దిగిపోయింది. ఇది ఫ్రైబర్గ్ నీటిపాయ కాదు. అసలు సిసలు ఆలేరు మోరీ.

"కండ్లు నెత్తికెక్కినయా?" అంది ప్రణీత. నవ్వు ఆపుకోలేక గొడుగు అడ్డం పెట్టుకుంది.

"ఎందుకు నవ్వుతున్నవ్?"

"మా ఊర్ల గూడ ఒక నమ్మకం ఉన్నది. ఆలేరు మోరీల కాలు పెట్టినోడు ఆలేరు పిల్లనే చేసుకోవాలె."

"ఎప్పటి సంది?"

"గిప్పటి సంది."

రఘుపతి అప్పటికే ఎదురుగా ఉన్న హోటల్ నుంచి బకెట్ నీళ్ళు, చెంబు తెచ్చాడు. వద్దు వద్దు అంటున్నా వినకుండా వంగి, విజేందర్ కాలి మీద నీళ్ళు పోయడం మొదలుపెట్టాడు.

"పెండ్లిల కడగాలనుకున్న కాళ్ళు," అన్నాడు, "స్టేషన్ కాడనే కడిగిస్తున్నవ్ కదయ్య అల్లుడూ!"